మైనంపై నిలిచిన గొంతు

కడప సీమలోని తాళ్ళపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యుడు సుమారు 32 వేల సంకీర్తనలు రచించాడని సంప్రదాయం చెబుతున్నది. ఆయన వంశీయులు వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. శతాబ్దాలపాటు మరుగున ఉన్న ఆ రేకులు ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూశాయి. లభించిన సంకీర్తనలు సగం కూడా లేవు. లభించినవాటికి రాగాల పేర్లున్నాయి. కాని ఆ రాగంలో అన్నమయ్య ఆ పదాన్ని ఎలా ఎత్తుకున్నాడో, ఎక్కడ ఆగాడో, ఎక్కడ గొంతు పెంచాడో రాగిరేకు చెప్పలేకపోయింది. అందువల్ల అనంతపురం జిల్లాకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఎన్నో సంకీర్తనలను కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. తెలుగువారికి మాట దక్కింది. ఆనాటి పాట మాత్రం దక్కలేదు.

ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. ఆ కాలంలో ధ్వనిని పట్టి ఉంచే సాధనం లోకంలో ఎక్కడా లేదు. తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధి పొందిన కలమళ్ళ శాసనం కడప జిల్లాలోనే ఉన్నది. ఆరవ శతాబ్దపు తెలుగు అక్షరాన్ని రాయి నిలబెట్టింది. పద్యాన్ని తాటాకు నిలబెట్టింది. కీర్తనను రాగిరేకు నిలబెట్టింది. కాని వాటిని పలికిన గొంతులన్నీ గాలిలో కలిసిపోయాయి. మానవ చరిత్రలో 1877 వరకూ ఇదే స్థితి.

ఆ సంవత్సరం అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫు అనే యంత్రాన్ని రూపొందించాడు. తిరిగే ఇత్తడి గొట్టానికి పలుచని తగరపు రేకు చుట్టి, దాని ముందు మాట్లాడితే సూది ఆ రేకుపై నొక్కులు చేసేది. అదే సూదిని మళ్ళీ మొదటినుంచి నడిపితే ఆ మాటలు తిరిగి వినిపించేవి. అయితే నాలుగైదుసార్లు వినేసరికి రేకు చెడిపోయేది. 1880 తరువాతి సంవత్సరాలలో చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ అనే ఇద్దరు పరిశోధకులు రేకుకు బదులు మైనాన్ని వాడవచ్చునని నిరూపించారు. ఎడిసన్ దానిని మరింత మెరుగుపరచి, నిండుగా మైనంతోనే చేసిన సిలిండర్లను తయారు చేశాడు. అది తేనెతుట్టెలో దొరికే మైనం కాదు. కొవ్వు ఆమ్లాలను లోహ లవణాలతో కలిపి కాచిన, సబ్బు స్వభావం గల గట్టి పదార్థం. చూపుకు, స్పర్శకు మైనంలా ఉండడంచేత ఆ పేరు స్థిరపడింది.

ఈ యంత్రం పనిచేసే తీరు రాయలసీమ రైతుకు వేరుగా చెప్పనవసరం లేదు. నేలపై నాగలి చాలు తీసినట్లు, తిరుగుతున్న మైనంపై సూది చాలు తీస్తుంది. గాయకుడు బూర ముందు నిలబడి పాడినప్పుడు గాలి కదలికకు పలుచని పలక అదురుతుంది. ఆ అదురును బట్టి సూది ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన దిగుతుంది. కాబట్టి ధ్వని అంతా ఆ చాలు లోతులోనే ఉంటుంది. అంగుళానికి 100 చాళ్ళ చొప్పున, నిమిషానికి 160 చుట్లు తిరిగే సిలిండరుపై రెండు నిమిషాల పాట పడుతుంది. సుమారు నాలుగంగుళాల పొడవున్న ఆ చిన్న గొట్టంపై చాలును చుట్టు విప్పి కొలవగలిగితే అది 50 మీటర్లకు పైగా ఉంటుంది. ఆ 50 మీటర్ల పొడవునా వెంట్రుక కన్నా సన్నని హెచ్చుతగ్గులే ఒక మనిషి గొంతు.

ఈ విద్య దక్షిణ భారతానికి త్వరగానే చేరింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, ఆయన సహాయకుడు కె. రంగాచారి 1905 ప్రాంతంలో మైనపు సిలిండర్లపై ఈ ప్రాంతపు పాటలను పట్టి ఉంచారు. ఆ సిలిండర్లు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీ ధ్వని భాండాగారంలో ఉన్నాయి. వారిద్దరి కృషితో 1909లో వెలువడిన 'దక్షిణ భారత కులాలు, తెగలు' అనే ఏడు సంపుటాల గ్రంథంలో కర్నూలు జిల్లా నల్లమల చెంచుల జీవనం వర్ణితమైంది. ఆ గ్రంథాన్ని ఎన్నిసార్లయినా అచ్చు వేయవచ్చు. సిలిండరు అటువంటిది కాదు. పాడినవారి ఎదుట తయారైన ప్రతి సిలిండరూ ఒక్కటే ప్రతి. అది పగిలితే ఆ పాట రెండవసారి మరణించినట్లే.

వ్యాపార రంగంలో సిలిండరు ఎక్కువకాలం నిలవలేదు. ఎమిల్ బెర్లినర్ రూపొందించిన బల్లపరుపు రికార్డు దానిని త్వరలోనే వెనక్కు నెట్టింది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించినది అటువంటి రికార్డులపైనే. తెలుగు నాటక పద్యాలు ఇళ్ళకు చేరినదీ వాటి ద్వారానే. ఎడిసన్ కంపెనీ 1929లో సిలిండర్ల తయారీని పూర్తిగా విరమించింది. నాటినుంచి ఫోనోగ్రాఫు పాత వస్తువుగా మారింది. నేడు అది అటకలపైన, పాత సామాను అంగళ్ళలో, మ్యూజియం గాజు పెట్టెలలో కనిపిస్తుంది.

అటువంటి యంత్రం ఒకటి చేతికి దొరికినప్పుడు ఎవరికైనా కలిగే తొలి కోరిక ఒక్కటే. కీ తిప్పి, సూది వాల్చి, ఏమి వినిపిస్తుందో వినాలని. ఆ కోరిక సహజం. కాని అదే అన్నిటికన్నా ప్రమాదకరం. పునరుద్ధరణ అంటే ఏమిటి అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. యంత్రం మళ్ళీ పాడితే చాలునా? లేక యంత్రం మోసుకొని వచ్చిన గొంతు బ్రతకడం ముఖ్యమా? ఈ రెండూ ఒకటేనని చాలామంది భావిస్తారు. నిజానికి ఇవి ఒక్కొక్కప్పుడు పరస్పర విరుద్ధాలు.

ముందుగా యంత్రం సంగతి చూడాలి. ఫోనోగ్రాఫుకు విద్యుత్తు అవసరం లేదు. ఒక డబ్బాలో చుట్టగా అమర్చిన ఉక్కు స్ప్రింగే దానికి ప్రాణం. దశాబ్దాల తరబడి కదలకుండా ఉన్న స్ప్రింగులో గ్రీజు గట్టిపడి జిగురుగా మారి ఉంటుంది. ఆ స్థితిలో బలంగా కీ ఇస్తే స్ప్రింగు తెగవచ్చు, పళ్ళ చక్రాలు విరగవచ్చు. చుట్టలో దాగిన బలం ఒక్కసారిగా విడుదలైతే చేతి వేళ్ళకే ప్రమాదం. అందువల్ల తెలిసిన పనివాడు ముందు స్ప్రింగు బిగువును పూర్తిగా వదిలిస్తాడు. తరువాత విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్త గ్రీజు పట్టించి మళ్ళీ అమరుస్తాడు. చక్రాల సందులలో పేరుకున్న దుమ్మును, ఎండిపోయిన నూనెను ఓపికగా తొలగిస్తాడు.

వేగాన్ని అదుపు చేసే భాగానికి గవర్నరు అని పేరు. పలుచని పట్టీలకు అమర్చిన చిన్న లోహపు గుండ్లు తిరిగే వేగానికి వెలుపలికి విచ్చుకొని, ఒక బిళ్ళను మెత్తని దిండుకు ఆనిస్తాయి. ఆ రాపిడివల్ల వేగం ఒకే స్థాయిలో నిలుస్తుంది. పట్టీ ఒకటి వంగినా, దిండు ఎండిపోయినా పాట ఊగిసలాడుతుంది. మోటారు నుంచి సిలిండరుకు చలనాన్ని అందించే తోలు బెల్టును కొత్తగా కోయించవలసి ఉంటుంది. సౌండుబాక్సును పక్కకు నడిపించే మరచుట్టు కడ్డీని శుభ్రం చేయాలి. ఆ మరలు చాళ్ళ లెక్కకు సరిగ్గా సరిపోవాలి. లేకపోతే సూది ఒక చాలు నుంచి మరొక చాలులోకి దూకుతుంది.

అన్నిటికన్నా సున్నితమైనది సౌండుబాక్సు. దానిలో పలుచని పలక, పలకకు ఇరువైపులా రబ్బరు వలయాలు, అడుగున నీలమణి మొన ఉంటాయి. నూరేళ్ళనాటి రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. దానిని మార్చకపోతే స్వరం తగరపు డబ్బా మోతలా వినిపిస్తుంది. నీలమణి మొనను భూతద్దంతో పరీక్షించాలి. మొన చిట్లి ఉంటే అది చాలును చదివే సూది కాదు, చాలును చెరిపే ఉలి. పైగా 1908 తరువాత అంగుళానికి 200 చాళ్ళున్న నాలుగు నిమిషాల సిలిండర్లు వచ్చాయి. రెండు నిమిషాల సిలిండరుకు తగిన లావు మొనను వాటిపై వాల్చితే ఆ సన్నని చాళ్ళు దెబ్బతింటాయి. ఏ సిలిండరుకు ఏ మొన తగునో తెలియనివాడు దానిని తాకకపోవడమే మేలు.

పెట్టె విషయంలో మరొక విజ్ఞత అవసరం. పాత కర్రకు గరుకు కాగితం పెట్టి రుద్ది, కొత్త వార్నీషు పూసి మెరిపించడం పునరుద్ధరణ కాదు. దానితో తయారీదారుని ముద్ర, వాడినవారి చేతి మరకలు, వయస్సు చెప్పే గుర్తులు మాయమవుతాయి. మార్చిన ప్రతి భాగాన్నీ వ్రాసి ఉంచాలి. తీసిన పాత భాగాన్ని పారవేయకుండా దాచాలి. తరువాతి తరంలో ఇంతకన్నా మంచి పద్ధతి తెలిసినవాడు వస్తే, నేడు చేసినదానిని విప్పి సరిదిద్దుకునే వీలుండాలి. మంచి మరమ్మతుకు ఇదే లక్షణం.

ఇంత శ్రమపడి యంత్రాన్ని సిద్ధం చేసిన తరువాత దానిపై పాత మైనపు సిలిండరును తొడిగి పాడించవచ్చునా? కూడదు అన్నదే వివేకవంతమైన సమాధానం. కారణం సరళమైనది. మైనం మెత్తనిది. సౌండుబాక్సు బరువంతా ఒక మొనపై ఆని ఉంటుంది. సూది నడిచిన ప్రతిసారీ చాలు కొంత అరుగుతుంది. ముందుగా అరిగేవి అతి సన్నని హెచ్చుతగ్గులు. గొంతులోని మార్దవం, గమకంలోని నాజూకు, హల్లులను వేరుచేసి చూపే స్పష్టత, ఇవన్నీ వాటిలోనే ఉంటాయి. తాటాకు గ్రంథాన్ని వందసార్లు చదివినా జాగ్రత్తగా పట్టుకుంటే అక్షరం చెరగదు. మైనపు సిలిండరును మాత్రం వినడమంటే దానిని కొద్దికొద్దిగా ఖర్చు చేయడమే.

దీనికి ఒక అభ్యంతరం ఉన్నది. పాడని ఫోనోగ్రాఫు శవంతో సమానమని, గాజు పెట్టెలో మూగగా కూర్చున్న యంత్రం వల్ల విద్యార్థికి కలిగే ప్రయోజనం శూన్యమని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో బలం లేకపోలేదు. బూరలోంచి ప్రత్యక్షంగా ధ్వని వెలువడుతున్నప్పుడు కలిగే ఆశ్చర్యం ఏ పుస్తకమూ ఇవ్వలేదు. అయితే ఆ ఆశ్చర్యానికి పాత సిలిండరునే బలి ఇవ్వనవసరం లేదు. ఎక్కువ ప్రతులుగా అచ్చుపోసిన సిలిండర్లు లోకంలో నేటికీ లభిస్తున్నాయి. 1912 నుంచి వచ్చిన నీలిరంగు సెల్యులాయిడ్ సిలిండర్లు మైనంకన్నా గట్టివి. తగిన యంత్రంపై అవి చాలాసార్లు తిరిగినా తట్టుకుంటాయి. యంత్రం పాడుతుందని చూపడానికి వాటిని వాడవచ్చు. ఒక్కటే ప్రతిగా మిగిలిన గొంతును మాత్రం పాత సూది కిందికి పంపకూడదు.

అలాగైతే ఆ గొంతును వినేదెలా? అందుకు శాస్త్రం మార్గం చూపింది. ఫ్రాన్సులో హెన్రీ షమూ రూపొందించిన ఆర్కియోఫోను వంటి విద్యుత్ యంత్రాలు అతి తక్కువ భారంతో సిలిండరును చదివి ధ్వనిని నేరుగా కంప్యూటరుకు అందిస్తాయి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫదేయెవ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు మరొక అడుగు ముందుకు వేశారు. వారి పద్ధతిలో సూదే లేదు. కాంతి సాయంతో చాలు లోతును కొలిచి, ఆ కొలతల నుంచి కంప్యూటరు ధ్వనిని పునర్నిర్మిస్తుంది. పగిలిన సిలిండరును, బూజు పట్టిన సిలిండరును సైతం తాకకుండా వినే అవకాశం దీనితో ఏర్పడింది. కాలిఫోర్నియా మూలవాసుల భాషలలో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో ముద్రించిన సుమారు 2,700 సిలిండర్లను ఈ విధానంతోనే చదివారు. ఆ భాషలలో కొన్నింటిని మాతృభాషగా మాట్లాడేవారు నేడు లేరు. మనుమలు తాతల భాషను మైనం నుంచి నేర్చుకుంటున్నారు.

వేగం విషయంలోనూ కంప్యూటరు మేలు చేస్తుంది. తొలినాటి సిలిండర్లన్నీ ఒకే వేగంతో ముద్రితం కాలేదు. నిదానంగా ముద్రించినదానిని వేగంగా తిప్పితే వృద్ధుని గొంతు బాలుని గొంతవుతుంది, విలంబ కాలంలో పాడినది ద్రుతంగా మారుతుంది. అందుకే ఆనాటి పరిశోధకులలో కొందరు పాట మొదలు కాకముందు శ్రుతి పీకను ఊదేవారు. ఆ శ్రుతి సరిగ్గా పలికేవరకు వేగాన్ని సవరిస్తే అసలు పాట దొరుకుతుంది. పాత యంత్రంపై ఈ ప్రయోగం చేయాలంటే సిలిండరును పదిసార్లు తిప్పాలి. ఒకసారి ప్రతి తీసుకున్న తరువాత ఎన్ని ప్రయోగాలు చేసినా మూలానికి హాని లేదు.

ఈ వివేకం తెలుగువారికి కొత్తది కాదు. కడపలో దీనికి గొప్ప నిదర్శనం ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తెలుగు గ్రంథాలు తాటాకులలో శిథిలమై పోతుండడం చూసి, అక్కడ ఒక బంగళా కొని, పండితులను నియమించి, ఊరూరా వ్రాతప్రతులను సేకరించాడు. ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి సరిపోల్చాడు. శుద్ధప్రతులు వ్రాయించాడు. మూలాలను చెరపకుండా, వాటి నుంచి కొత్త ప్రతులను పుట్టించడమే ఆయన పద్ధతి. 1829లో ఆయన ప్రకటించిన వేమన పద్యాలు ఆ పద్ధతికే ఫలం. బ్రౌన్ బంగళా ఉండిన స్థలంలో నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం వెలసి ఉన్నది. బ్రౌన్ 1884లో మరణించేనాటికి ఎడిసన్ యంత్రం పుట్టి ఏడేళ్ళయింది. వేమన పద్యాన్ని ఆనాటి పల్లె ఎలా పాడుకున్నదో పట్టి ఉంచే భాగ్యం మాత్రం బ్రౌన్‌కు కలగలేదు.

ప్రతి తీసిన తరువాత అది ఎవరికి చెందాలి అన్నది మరొక ప్రశ్న. జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు 1890లో అమెరికాలోని పాసమక్వాడీ తెగవారి పాటలను, కథలను సిలిండర్లపై ముద్రించాడు. క్షేత్రంలోకి వెళ్ళి జనం గొంతులను ముద్రించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. దాదాపు నూరేళ్ళ తరువాత వాటి ప్రతులు ఆ తెగవారికి చేరాయి. వారే వాటిని విని, మాటలు గుర్తించి, తమ భాషలో పేర్లు పెట్టి, తమ పిల్లలకు నేర్పుకుంటున్నారు. ధ్వని భాండాగారంలో పదిలంగా ఉండడం సగం న్యాయమే. పాడినవారి ఊరికి అది తిరిగి రావడంతోనే న్యాయం సంపూర్ణమవుతుంది. మద్రాసు ప్రాంతంలో ముద్రించిన పాత సిలిండర్ల ప్రతులు తెలుగునాటి విశ్వవిద్యాలయాలకు, వాటి ద్వారా పల్లెలకు చేరాలని కోరడం అత్యాశ కాదు, అది హక్కు.

ఇంతకూ రాయలసీమ ఇళ్ళలో మైనపు సిలిండర్లు ఎన్ని ఉంటాయి, వీటి గురించి ఇంత చింత ఎందుకు అని విద్యార్థికి సందేహం కలగవచ్చు. సిలిండరు నేర్పే పాఠం సిలిండరుతోనే ముగియదు. నేటి ఇళ్ళలో టేపు క్యాసెట్లున్నాయి. వాటిలో అవ్వ పాడిన విసుర్రాయి పాట, ఊరిలో జరిగిన బుర్రకథ, చెక్కభజన, తోలుబొమ్మలాట, తాత చదివిన భారత పద్యం ఉండవచ్చు. క్యాసెట్టులోని అయస్కాంత పూత కాలక్రమాన రాలిపోతుంది. బూజు పట్టిన టేపును పాత టేపురికార్డరులో పెట్టి తిప్పితే ఆ పూత యంత్రానికి అంటుకొని పాట శాశ్వతంగా పోతుంది. వినాలనే తొందర మైనానికి ఎంత హానికరమో టేపుకూ అంతే. ముందు ప్రతి, తరువాతనే వినికిడి అన్న సూత్రం రెండింటికీ సమానం.

రాయలసీమ వాతావరణం ఈ పనిని మరింత అత్యవసరం చేస్తున్నది. కర్నూలు, కడపలలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద, అటకపైన వేడి ఇంకా ఎక్కువ. ఆ వేడికి మైనం మెత్తబడి ఆకృతి కోల్పోతుంది, టేపు ముడుచుకుపోతుంది. వానకాలపు తేమకు బూజు పట్టి మైనాన్ని తినివేస్తుంది. కరవుసీమ కదా, నీటి భయం లేదని అనుకోవడానికీ వీలు లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదుల వరద కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పరిసర పల్లెలు కొట్టుకుపోయాయి. అటువంటి రాత్రి మనుషులు ప్రాణాలు దక్కించుకుంటే చాలు. అటక మీది పెట్టెను తలచుకొనే వ్యవధి ఎవరికి ఉంటుంది? కాబట్టి ఒక గొంతుకు ఒకే ప్రతి, ఒకే ఇంట్లో ఉండడం క్షేమం కాదు. రెండు ప్రతులు, రెండు ఊళ్ళలో ఉండాలి.

ఖర్చు పెద్ద అడ్డంకి అని చెప్పేవారున్నారు. కాంతితో చదివే యంత్రాలు ఖరీదైనవన్నది నిజమే. కాని కాపాడడంలో తొలి మెట్లకు ధనం అవసరం లేదు. సిలిండరును వెలుపలి వైపు తాకకుండా, రెండు వేళ్ళను లోపలికి పోనిచ్చి, కొద్దిగా విడదీసి ఎత్తాలి. వేళ్ళ చెమట, నూనె మైనానికి శత్రువులు. దానిని పడుకోబెట్టక నిలువుగా, చల్లని పొడి చోట ఉంచాలి. పెట్టెపైన ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అన్న వివరాలు వ్రాయాలి. ఊరు, పేరు లేని గొంతు అనాథ వంటిది. ఆ తరువాత తెలిసినవారి సహాయం దొరికేవరకు దానిని తిప్పకుండా ఉండాలి. ఈ నిగ్రహానికి కావలసింది డబ్బు కాదు, ఓర్పు.

కడప సీమలోనే దీని ఫలం కూడా కనిపిస్తుంది. ప్రొద్దుటూరులో జీవించిన మహాకవి పుట్టపర్తి నారాయణాచార్యులు 1990లో పరమపదించారు. ఆయన తన శివతాండవాన్ని స్వయంగా గానం చేసిన ధ్వనిముద్రణ నేటికీ నిలిచి ఉన్నది. పుస్తకంలో ఆ కావ్యాన్ని చదివిన విద్యార్థి, కవి గొంతులో దానిని విన్నప్పుడు లయ అంటే ఏమిటో మొదటిసారి గ్రహిస్తాడు. అన్నమయ్య విషయంలో తీరని కొరత పుట్టపర్తివారి విషయంలో తీరింది. ఇద్దరూ ఆ సీమవారే. ఒకరి గొంతు పోవడానికి, ఒకరి గొంతు నిలవడానికి తేడా ప్రతిభలో లేదు. ఒకరి కాలంలో సాధనం లేదు. మరొకరి కాలంలో సాధనమూ ఉన్నది, దానిని పదిలపరిచిన చేతులూ ఉన్నాయి.

నేటి విద్యార్థి జేబులో ఉన్న ఫోను ఎడిసన్ కలలో కూడా ఊహించని ఫోనోగ్రాఫు. దానితో అవ్వ గొంతును పట్టి ఉంచడానికి ఒక సాయంత్రం చాలు. పాడినవారి పేరు, ఊరు, తేదీ చేర్చి, రెండుచోట్ల భద్రపరిస్తే అది రేపటి భాండాగారానికి తొలి వస్తువు అవుతుంది. పాత ఫోనోగ్రాఫును బాగుచేసే పనివాడు గొప్పవాడే. అతని చేతిలో ఒక యుగపు నైపుణ్యం తిరిగి ప్రాణం పోసుకుంటుంది. అయితే యంత్రం సిద్ధమైన తరువాత కూడా పాత సిలిండరును పక్కన పెట్టి, దాని ప్రతి వచ్చేవరకు ఎదురుచూడగలిగినవాడు అతనికన్నా గొప్పవాడు. రాగిరేకులు దొరికిననాడు వాటితోపాటు పాట దొరకలేదని తెలుగుజాతి బాధపడింది. రాబోయే తరం అటువంటి బాధే పడితే, ఈసారి సాధనం లేదన్న సాకు ఎవరికీ ఉండదు.